కాస్త తెల్లగా పడాలి!

"కాస్త తెల్లగా పడేట్టు తీయవయ్యా!"

ఫోటో స్టూడియోలో ఈ మాట అనని తల్లి వుంటే చూపించండి, దణ్ణం పెడతాను. చెన్నకేశవస్వామి గుళ్ళో నుంచుంటే పిల్లకి చదువివ్వమని, ఆయువివ్వమని అడుగుతాం. అదే పిల్లని వెంటబెట్టుకుని స్టూడియో మెట్లెక్కితే రంగివ్వమని అడుగుతాం. అడగడం కూడా కాదు, దబాయింపు. దేవుడు మర్చిపోయినదాన్ని ఫోటోవాడు మూడు కాపీలకి ఇంతని పుచ్చుకుని సర్దిపెట్టాలి.

పాపం, వాడు సర్దాడు కూడా. ఏళ్ళ తరబడి సర్దాడు. ఎట్లా సర్దాడో, ఆ సర్దుబాటులో మన పిల్లల ముఖాల్లోంచి ఏమేం తీసి పారేశాడో తెలిస్తే మళ్ళీ ఆ మాట మీ నోట రాదని నా ఆశ. అందుకని మిమ్మల్ని కాసేపు చీకటిగదిలోకి తీసుకెళ్తాను. భయపడకండి, లోపల ఎర్రదీపం వుంటుంది.

ఆ గది నాకు బాగా తెలుసు. మా చిన్నాన్నకి మార్కాపురంలో చిన్న స్టూడియో వుండేది. 1970ల్లో వేసవి సెలవులకి వెళ్ళినప్పుడల్లా ట్రేలు కడగడం, ఫోటోలు ఆరబెట్టడం నా వంతు. "ఆడపిల్లకి చీకట్లో ఏం పనిరా?" అని మా నాయనమ్మ సణిగేది. తీరా చూస్తే అదంతా వంటింటి సరుకే. డెవలపర్లో పడే సోడియం కార్బనేటు మన చాకలిసోడా. హైపోలో, కాగితం మీది పూత గట్టిపడటానికని వేసేది పటిక. ఆ రెండు ట్రేల మధ్య వుండేది వెనిగరు పులుపు. తేడా అల్లా రుచి చూడకూడదు, అంతే.

ముందు ఒక సంగతి. ‘బ్లాక్ అండ్ వైట్’ అని నోరారా అంటాం గాని, మంచి ఫోటోలో అచ్చమైన నలుపూ, అచ్చమైన తెలుపూ వుండేవి చిటికెడే. తక్కినదంతా బూడిదరంగు. నలుపు నుంచి తెలుపు దాకా బూడిదరంగు మెట్లు. పొట్టి పొట్టి మెట్లు చాలా వుంటే చూపు మెల్లగా ఎక్కుతుంది, దిగుతుంది. రెండే రెండు ఎత్తు మెట్లుంటే దూకాల్సిందే. ఈ మెట్ల ఎత్తునే ఫోటోవాళ్ళు కాంట్రాస్టు అంటారు.

మా వూరివాళ్ళకి ఇది చెప్పడం తేలిక. లోకమంతా మార్కాపురం పలకని నల్లపలక అంటుంది. గని దగ్గరికి వెళ్ళి చూడండి, రాయి బూడిదరంగు. తడిపితే నలుపు, ఆరితే మళ్ళీ బూడిద. మా చిన్నాన్న కొత్త దీపాలు అమర్చినప్పుడల్లా కుర్చీలో ఒక పొడి పలకముక్కా, దాని పక్కన ఉతికిన తువ్వాలూ పెట్టి ఒక ఫోటో తీసేవాడు. ప్రింటులో పలక పలకలాగా, తువ్వాలు తువ్వాలులాగా వచ్చాయా, దాని మడతలు కనిపిస్తున్నాయా? అప్పుడు గాని మనిషిని కూర్చోబెట్టేవాడు కాదు.

ఫోటో కాగితానికి నంబర్లుండేవి. ఒకటి మెత్తన, రెండు మధ్యస్థం, మూడూ నాలుగూ గట్టివి. కొన్ని కంపెనీలవి సున్నా నుంచి అయిదు దాకా వుండేవి. మెత్త కాగితం మీద మెట్లు ఎక్కువ, గట్టి కాగితం మీద తక్కువ. ఊటీలో హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళు 1967లో ఉత్పత్తి మొదలుపెట్టాక ‘ఇందు’ కాగితం కూడా వచ్చింది (ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు, మూతపడింది). గట్టి కాగితం చెడ్డదని నేననడం లేదు. మబ్బుపట్టిన రోజున తీసిన చప్పిడి నెగెటివ్‌కి అది ప్రాణం పోస్తుంది. అక్షరాభ్యాసం ఫోటోలుంటాయి చూడండి, ఒళ్ళో పలక, పలక మీద ‘ఓం నమః శివాయ’. ఆ అక్షరాలు మెరవాలంటే గట్టి కాగితం కావాలి. కాని అదే కాగితం మీద చామనచాయ పిల్లవాడి ముఖం బొగ్గయినా అవుతుంది, సున్నమయినా అవుతుంది. మధ్యరకం వుండదు. చిన్నాన్న రెండో నంబరు మీదే వేసి, ముఖం వరకూ సరిపడా వెలుతురు చూపించి, పలక మీద మాత్రం చేతుల మధ్య సందులోంచి ఇంకో నాలుగు సెకన్లు ఎక్కువ చూపించేవాడు. పలక నల్లబడేది, పిల్లవాడు పిల్లవాడుగానే వుండేవాడు.

ఇక మన ‘కాస్త తెల్లగా’ సంగతి.

నెగెటివ్‌లో లోకం తలకిందులు. జుట్టు తెల్లగా, మల్లెపూలు నల్లగా వుంటాయి. దాన్ని ఎన్‌లార్జర్లో పెట్టి కాగితం మీద వెలుతురు వేస్తే మళ్ళీ సరవుతుంది. ఆ వెలుతురు తగ్గించి వేస్తే ముఖం తెల్లబడుతుంది. కాని జుట్టు కూడా పాలిపోయి బూడిదవుతుంది, తల్లి వూరుకోదు. అందుకని నాలుగో నంబరు గట్టి కాగితం తీస్తారు. అప్పుడు జుట్టు కాటుకలాగా, ముఖం పిండిలాగా! తల్లికి మహదానందం. కాని ఆ రెంటి మధ్య వుండాల్సిన మెట్లేమయ్యాయి? బుగ్గ కింద సన్నటి నీడ, పెదవి పక్క సొట్ట, ముక్కు దూలం, గడ్డం వంపు, ఇవన్నీ ఆ మధ్యమెట్ల మీద కాపురం వుండేవే. మెట్లు విరగ్గొడితే అవీ పోతాయి. ముక్కు గీత మాయమై ముక్కుపుడక ఒక్కటే గాలిలో వేలాడే పెళ్ళిచూపుల ఫోటోలు నేను కొల్లలుగా చూశాను.

ఇంకా చిత్రం వినండి. మామూలు ఫిల్ము మీద ఎర్ర కుంకుమ కూడా చామనచాయ ముఖంతో పాటు ఓ మోస్తరు బూడిదరంగులోనే పడుతుంది. ముఖం తెల్లబడేదాకా లాగితే కుంకుమ కూడా దాంతోపాటు పాలిపోతుంది. బొట్టు లేని ఆడపిల్ల ఫోటో సంబంధానికి పంపుతామా? శివ శివా! అందుకని స్టూడియోవాడు సన్నకుంచె సిరాలో ముంచి ప్రింటు మీద గుండ్రంగా బొట్టు దిద్దుతాడు. అంటే ఆ ఫోటోలో పిల్ల ముఖాన వున్నది పిల్ల పెట్టుకున్న బొట్టు కాదు, పరాయివాడు పెట్టింది. ఆచారాల మాట ఎత్తితే అంతెత్తున లేచే మనం దీనికి మాత్రం డబ్బిచ్చి మరీ పెట్టించుకున్నాం.

నెగెటివ్ మీద పెన్సిలు పని మరొకటి. నెగెటివ్‌లో నలుపు పెరిగితే ప్రింటులో అక్కడ తెలుపు కదా. సన్నగా చెక్కిన పెన్సిలుతో ముఖం వున్నచోట చుక్కలు, చుక్కలుగా గీతలు. మొటిమ మచ్చకి రెండు చుక్కలు పెట్టడం మర్యాదే, మొటిమ ఎట్లాగూ వారంలో పోయేదే. కాని ముఖమంతా గీస్తే? నల్లపెన్సిలు అరిగినకొద్దీ పిల్ల తెల్లబడుతుంది. ఈ పనికి చిన్నాన్న రాత్రిళ్ళు కళ్ళు పోగొట్టుకునేవాడు. "ఇష్టం లేకపోతే మానెయ్యరాదా చిన్నాన్నా?" అని నేనొకసారి అంటే, జవాబు ఆయన చెప్పలేదు, మర్నాడు కౌంటరు దగ్గర దొరికింది.

"ఏందయ్యా ఇది? మా పిల్ల ఇంత నల్లంగా యాడుంది?"

"ఉన్నది ఉన్నట్టే వచ్చింది పెద్దమ్మా. కళ్ళు ఎంత బాగా వచ్చినయ్యో చూడు."

"ఉన్నట్టు వచ్చేదానికి నీకు డబ్బులెందుకియ్యాలి? అద్దం చూసుకుంటే సరిపోదా?"

ఆ పెద్దమ్మ ఫోటో పారేసి ఎదురు వీధిలో స్టూడియోకి వెళ్ళిపోయింది. చిన్నాన్నకి ఇద్దరు ఆడపిల్లలు, ఇంటి అద్దె. ఆ రాత్రి పెన్సిలు చెక్కుకున్నాడు. అందుకే నేను ఫోటోవాళ్ళ మీదికి రావడం లేదు. నా దెబ్బలాటంతా పెద్దమ్మలతోనే.

చామనచాయ ముఖాన్ని సరిగ్గా దింపే విద్య లేకనా ఇదంతా? విద్య వుంది, పుష్కలంగా వుంది. కెమెరాలో నీడలకి సరిపడా వెలుతురు ఇవ్వు, డెవలపర్లో తెల్లభాగాలు పొంగిపోకముందే తీసెయ్యి. ఫోటోవాళ్ళందరూ చెప్పుకునే సూత్రమిది. ఫిల్ము డెవలపర్లో మునిగినప్పుడు జుట్టు, నీడలు త్వరగానే వచ్చి ఆగిపోతాయి. తెల్లచీర, పూలు మాత్రం వుంచినకొద్దీ పెరుగుతూ పోతాయి. డెవలప్‌మెంటు పెరిగినకొద్దీ కాంట్రాస్టు పెరుగుతుందని ఇంగ్లండులో హర్టర్, డ్రిఫీల్డ్ అనే ఇద్దరు 1890లోనే కొలిచి చూపించారు. అందుకని పట్టుచీర, మల్లెచెండు, చామనచాయ వున్న పిల్ల కూర్చుంటే వెలుతురు కాస్త ధారాళంగా ఇచ్చి, డెవలప్‌మెంటు అయిదోవంతు తగ్గించాలి. దీపం ముఖానికి ఎదురుగా కాకుండా పక్కనుంచి రావాలి, అవతలివైపు ఒక తెల్లదుప్పటి కడితే చాలు. నల్లని చర్మానికి ఒక మెరుపుంటుంది, బుగ్గ ఎముక మీద, నుదుటి మీద. ఆ మెరుపుతోనే ముఖం తీరు తెలుస్తుంది. పౌడరు దట్టిస్తే మొదట చచ్చేది అదే!

అమెరికాలో ఏన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అనే వాళ్ళు 1939-40 ప్రాంతంలో నలుపు నుంచి తెలుపు దాకా సున్నా నుంచి పది వరకూ మెట్లు ఏర్పరిచారు. నడిమి మెట్టు అయిదు. తెల్లవాళ్ళ చర్మాన్ని వాళ్ళు ఆరో మెట్టు మీద కూర్చోబెట్టారు. గమనించారా, తెల్లవాళ్ళే ఆరో మెట్టు మీద వుంటే, మనం మన పిల్లని ఎనిమిదో మెట్టు మీద కూర్చోబెట్టమంటున్నాం! అది తెల్లచీరలూ మల్లెపూలూ వుండే చోటు. చీరా ముఖమూ ఒకే మెట్టు మీదికి వచ్చాక ఇక పిల్లెక్కడ?

మా ప్రాంతానికి ఇంకొక శాపం ఎండ. ఫిల్ము పుస్తకాలన్నీ 20 డిగ్రీల నీళ్ళ మీద లెక్కలు చెబుతాయి. 20 డిగ్రీల్లో ఎనిమిది నిమిషాలు పట్టేది 24 డిగ్రీల్లో ఆరు నిమిషాలకే అయిపోతుంది. మార్కాపురంలో మే నెల కుండనీళ్ళు కూడా 24 డిగ్రీలుండవు. సోడాకొట్టు నుంచి ఐసుముక్క తెచ్చి ట్రే కింద పెట్టాలి, లేదా తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి. ఓపిక లేనివాడు వేడి డెవలపర్లోనే ముంచేవాడు. అప్పుడు అడక్కపోయినా కాంట్రాస్టు ఎగదన్నేది. పెళ్ళిళ్ళ కాలమూ ఎండాకాలమూ మనకి ఒకటేనాయె! అందుకే ఆ రోజుల పెళ్ళి ఫోటోల్లో తలంబ్రాలకీ పెళ్ళికూతురు ముఖానికీ తేడా తెలియదు. ఇక నీళ్ళ కరువు సంగతి మీకు చెప్పాలా? హైపో పోయేదాకా ఫోటోని గంటసేపు పారే నీళ్ళల్లో కడగమని శాస్త్రం. పడమటి ప్రకాశంలో పారే నీళ్ళట! బిందెలతో నాలుగు సార్లు మార్చేవాళ్ళు, అంతే. మీ ఇంట్లో పాత ఫోటోలు పచ్చబారాయంటే అందులో కాలం పని కొంత, ఆ మిగిలిపోయిన హైపో పని చాలా.

"ఇంత రాద్ధాంతం ఎందుకమ్మా, ఫోటోయే కదా" అంటారా?

మా మేనత్త కూతురు, నాకు వదిన వరస. గిద్దలూరు దగ్గర పల్లె. ఆమె ఫోటోని ఒక స్టూడియోలో పైన చెప్పిన విద్యలన్నీ ప్రయోగించి తయారుచేయించారు. ఆ ఫోటో జాతకంతో పాటు కవర్లో నంద్యాల వెళ్ళింది. వాళ్ళు రైలెక్కి వచ్చారు. పెళ్ళికొడుకు తల్లి చేతిసంచీలోంచి ఫోటో తీసి, ఒకసారి దాన్నీ, ఒకసారి చాపమీద కూర్చున్న మా వదిననీ చూసి, "ఈ ఫోటోలో పిల్ల ఏదమ్మా?" అంది. గది నిండా జనం. కాఫీలు అప్పుడే ఇచ్చారు.

ఆ తర్వాత మా వదినకి మంచి సంబంధమే కుదిరింది. కంభంలో కాపురం. ఆయన ఆమెని ముందే చూసి చేసుకున్నాడు, ఫోటో అడగను కూడా లేదు. కాని ఆ రోజు నుంచి ఆమె కెమెరా ముందు నిలబడలేదు. ఎవరింట పెళ్ళయినా గ్రూపు ఫోటో వేళకి వంటపందిట్లో వుండేది. కొడుకు పెళ్ళిలో కూడా ఆమె వీపే పడింది. ఆమె పోయినప్పుడు పటం కట్టించడానికి వెతికితే దొరికింది ఒక్కటే ఫోటో. దాన్నే పెద్దది చేయించారు. చిన్న ఫోటోలో లేని ముక్కు పెద్ద ఫోటోలో ఎట్లా వస్తుంది? దండ వేసి గోడకి తగిలిస్తే మనవరాలు వచ్చి, "ఇదెవరు?" అని అడిగింది. నెగెటివ్ కోసం ఆ స్టూడియోకి వెళ్ళారట. పాత నెగెటివ్‌లన్నీ వెండి తీసుకునేవాళ్ళకి తూకానికి వేసేశామని చెప్పారు.

ఇప్పుడు చెప్పండి, ఫోటోయేనా?

"మీరు చెప్పడానికి బాగానే వుంటుంది, నల్లపిల్లని ఇంట్లో పెట్టుకున్నవాళ్ళ బాధ మీకేం తెలుసు?" అని అడిగే అక్కయ్యలున్నారు. లోకం తెల్లతోలుకే విలువ కడుతున్నది, కాదనను. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో వచ్చింది, 2020లో పేరులోంచి ‘ఫెయిర్’ తీసేశారు. పేరు మారింది గాని కొనేవాళ్ళ కోరిక మారిందా? అమెరికాలో కోడక్ కంపెనీ కూడా రంగుల ప్రింట్ల సవరింపుకి ఏళ్ళ తరబడి ఒక తెల్లపిల్ల బొమ్మనే కొలబద్దగా వాడింది, దానికి ‘షర్లీ కార్డు’ అని పేరు. నల్లవాళ్ళ ముఖాలు సరిగా రావడం లేదన్న మాట కంటే, చాక్లెట్లూ కొయ్యసామానూ అమ్మేవాళ్ళు మా సరుకు రంగు తేలడం లేదన్న మాటే వాళ్ళకి ముందు వినిపించిందట. లోకం తీరు అది. కాని అబద్ధపు ఫోటో ఆ తీరుని మన పిల్లకి దూరం చేస్తుందా? చెయ్యదు. పోస్టులో రావాల్సిన ‘వద్దు’ని ఇంటి నట్టింట్లోకి, నలుగురి మధ్యకి తెచ్చిపెడుతుంది. ఫోటో నిజంగా వుంటే వద్దనేవాడు నంద్యాలలోనే వద్దనుకునేవాడు, మా వదిన చాపమీద కూర్చోవాల్సిన పనే వుండేది కాదు. ఇంకో మాట, పెళ్ళివారి కంటే ముందు ఆ ఫోటో చూసేది పిల్లే. అమ్మ తన ముఖంలో ఏయే భాగాలు వద్దనుకుందో దానికి లెక్క తెలుస్తుంది.

అందంగా తీయించడం తప్పని నేనన్నానా? మంచి దీపం పెట్టించండి, వదులైన జడ వేయండి, నవ్వించండి. ‘మాయాబజార్’ (1957) మళ్ళీ చూడండి, మార్కస్ బార్ట్లే కెమెరా. ఆ నౌకావిహారం పాటలో వెన్నెలంతా దేనితో చేశాడు? బూడిదరంగు మెట్లతోనే. 2010లో ఆ సినిమాకి రంగులద్ది విడుదల చేశారు గాని, ఆ వెన్నెల కోసం నేను పాతదే చూస్తాను. ఇది నా పట్టుదల, మీరు ఒప్పుకోనక్కర్లేదు.

చీకటిగదులు పోయాయి గదా, ఇంకా ఈ గొడవేమిటంటారేమో. నాలుగో నంబరు కాగితం పోయింది, అది చేసే పని ఫోనులోకి వచ్చింది. కొన్ని ఫోన్లలో మనం అడక్కుండానే ముఖం నునుపు చేసి, తెల్లబరిచి చేతికిస్తున్నాయి. చిన్నాన్నకి కనీసం ఇష్టం లేదు, ఫోనుకి ఆ పాటి మొహమాటం కూడా లేదు.

కాబట్టి ఈ వారం ఒక పని చేయండి. ట్రంకుపెట్టె అడుగున, స్టూడియో పేరు అచ్చువేసిన పాత కవర్లలో మీ అమ్మవో, అత్తగారివో నెగెటివ్‌లు వుంటాయి. పారేయకండి. అంచులు పట్టుకుని కిటికీకి ఎదురుగా చూడండి. గట్టి కాగితం మింగేసిన మెట్లు చాలావరకు నెగెటివ్‌లో భద్రంగానే వుంటాయి, దొంగతనం జరిగింది ప్రింటులోనే. పెన్సిలు గీతలు కనిపిస్తే మీరు తుడవకండి, పనితెలిసినవాడి చేతికివ్వండి. ఇప్పుడు స్కానరు మీద తీసి కొత్త ప్రింటు వేసేవాళ్ళున్నారు. ఇచ్చేటప్పుడు ‘తెల్లగా’ అన్న మాట ఎత్తకండి. ముక్కు గీత కనబడాలి, బుగ్గ కింద నీడ కనబడాలి, జుట్టు నల్లముద్దగా కాకుండా వెంట్రుకలుగా కనబడాలి, కుంకుమ ఆమె పెట్టుకున్నంతే కనబడాలి అని చెప్పండి. ఆయన మొదటి కాపీ తీసి చూపించి, "కొంచెం డల్‌గా వుందమ్మా, లేపమంటారా?" అని అడుగుతాడు.

వద్దనండి.